పడవలో వెనక చోటు

మార్చి 2, ఆదివారం

ఆ రోజు సంగతి ఒకసారి కాగితం మీద పెడితే పదే పదే తలుచుకునే పని తప్పుతుందని మా అమ్మాయి అంది. పెడుతున్నాను.

జనవరి పంతొమ్మిది. మా ఆవిడ నాకంటే ముందే లేచింది. టీ నేను పెట్టాను. చక్కెర ఎక్కువైందంది, అయినా కప్పు ఖాళీ చేసింది. కిటికీ తెరవమంది. తెరిచాను. చలిగా ఉందంది. మూశాను. "కొంచెం తెరిచి ఉంచితే ఏం పోయింది?" అంది. సగం తెరిచాను. నర్సు వచ్చి చూసింది. వెళ్తూ నన్ను పక్కకి పిలిచి ఏదో చెప్పబోతే, తను మంచం మీంచే, "నాక్కూడా వినపడేలా చెప్పమ్మా" అంది. నర్సు నవ్వేసి వెళ్లిపోయింది. మధ్యాహ్నం తను నిద్రపోయింది. లేచి నా వంక చూసి, "చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నారు" అంది. నేను తల వంచుకుని అన్నీ విప్పి, మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను. సరిగ్గా వచ్చాయా అని అడగడానికి తలెత్తాను.

అంతే.

అమ్మాయి డిపో నుంచి యూనిఫాంలోనే వచ్చింది. బస్సు ఎవరికి అప్పగించిందో అడగలేదు. వదిన, అంటే తన అక్క, రెండు వీధుల అవతలే కాబట్టి అప్పటికే వచ్చి గిన్నెలు కడుగుతోంది. ఎవరూ కడగమనలేదు.

రాశాను. మళ్లీ రాయను.

మార్చి 3

పరామర్శకు ఇంకా వస్తూనే ఉన్నారు. మంచివాళ్లే. కానీ అందరిదీ ఒకటే మాట. "చుక్కాని లేని నావ అయిపోయారు పాపం." బ్యాంకు మేనేజరు అన్నాడు. పేపరు వేసే అతను అన్నాడు. పక్కింటావిడ వచ్చేటప్పుడూ అంది, వెళ్లేటప్పుడూ అంది. వీళ్లలో ఒక్కరైనా పడవ ఎక్కిన మొహాలేనా అని నా అనుమానం.

సాయంత్రం వదిన ఉండగా ప్లంబరు కూడా అనేశాడు. వదిన ఊరుకోలేదు.

"చుక్కాని లేకపోతే తెడ్లు లేవా ఏంటి? చేతులున్నాయిగా ఆయనకి!"

ప్లంబరు నిజంగానే నా చేతుల వంక చూశాడు.

మార్చి 5

ఎడిటర్ ఫోన్. పేపర్లో నేను రాసే మాటల శీర్షిక జనవరి నుంచి ఆగిపోయిందని గుర్తు చేశాడు, నేను మరిచిపోయినట్టు.

"ఒక్క ప్రశ్న సార్. చిన్నది. పాఠకురాలెవరో అడిగింది. మీకైతే చిటికెలో పని."

"ఏమిటది?"

"చుక్కాని లేని నావ. ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చింది, అసలు అర్థమేంటి అని."

ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"సార్? లైన్లో ఉన్నారా?"

"ఆ పాఠకురాలు మా పక్కింటావిడ కాదు కదా?"

మార్చి 9, ఆదివారం

రేవుకి వెళ్లాను. మా పడవ మీది పట్టా తీశాను. ఆకుపచ్చ రంగు చెక్కు చెదరలేదు. ఆ రంగు తను వేసింది. నేను వేసిన చోట బొట్లు బొట్లుగా కారి ఉంటుంది.

డెంటిస్టు అక్కడే ఉన్నాడు. రేవులో చోటు కోసం పేరిచ్చిన వాళ్లలో మొదటివాడు. ప్లాస్టిక్ పడవ కొని, కట్టుకునే చోటు లేక కారు షెడ్లో పెట్టుకున్నాడు. కారు వీధిలో ఉంటుంది.

"ఆరోగ్యం ఎలా ఉంది సార్?"

"బాగుంది."

"భుజాలవీ?"

"బాగున్నాయి."

"సంతోషం సార్" అన్నాడు, కాస్త దిగులుగా.

ఏప్రిల్ మొదటి ఆదివారం ప్రతి పడవా దాని సొంతదారుతో, నీళ్లలో తేలే ఎర్ర బోయా చుట్టి రావాలి. రాకపోతే చోటు తర్వాతి వాళ్లది. పాడుబడ్డ పడవలు రేవులో మురిగిపోకుండా కమిటీ పెట్టుకున్న నియమం. పెట్టినప్పుడు చెయ్యెత్తిన వాళ్లలో నేనూ ఉన్నాను.

తెడ్లు వేసేవాడు వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటాడు. వాడికి కనిపించేది వదిలి వచ్చిన ఒడ్డే. ముందున్నది చూడగలిగేది వెనక పలక మీద, వాడికి ఎదురుగా కూర్చున్న మనిషి. చుక్కాని ఆ మనిషి చేతిలో ఉంటుంది. ఆ పని తనది. తను లేదు కాబట్టి పడవ వెళ్లదు. ఇందులో ఏడవడానికి ఏమీ లేదు. పడవ పద్ధతి అది.

చోటు డెంటిస్టుకి ఇచ్చేయడమే సబబు. మంచివాడు.

మార్చి 11

ఇచ్చేస్తున్నానని అమ్మాయికి ఫోన్లో చెప్పాను. "నేనొచ్చేదాకా ఎవరికీ మాటివ్వకు నాన్నా" అంది.

వదినకి చెప్పాను. ఏమీ అనలేదు. వదిన ఏమీ అనకుండా ఉండటం నాకు తెలిసి ఇదే మొదలు.

మార్చి 12

శీర్షిక మొదలుపెట్టాను. "చుక్కాని లేని నావ ఎటూ వెళ్లలేదు." ఒక వాక్యం అయింది. బాగుంది.

మార్చి 15

అమ్మాయి వచ్చింది. డిపోలో పాత బస్సు నుంచి పీకేసిన అద్దం ఒకటి తెచ్చి, వెనక పలక మీద నిలబెట్టి మరలు బిగించింది.

"వెనక్కి చూస్తూ ముందుకి పోవడమేంటి నాన్నా? నేనలా నడిపితే లైసెన్సు లాక్కుని ఇంటికి తోలేస్తారు."

"పడవ బస్సు కాదు."

"అందుకే టైముకి రాదు."

రేవులో అందరూ పనులు మానుకుని చూశారు. తెడ్లు అందుకున్నాను. అద్దంలో ముందున్న నీళ్లు కనిపించాలి. కనిపించింది నా మొహం, దాని పక్కన చిన్న ఆకాశం ముక్క. ఎంత జరిగినా మొహం అడ్డు తొలగలేదు. ఇన్నేళ్లూ తన ఎదురుగా ఉన్నది ఇదన్నమాట.

"ఎలా ఉంది నాన్నా?" ఒడ్డు మీంచి కేకేసింది.

"ఎవరో ముసలాయన కూర్చున్నాడు. దారివ్వడం లేదు."

గడ్డం గీసుకోవాలి.

మార్చి 16, ఆదివారం

అమ్మాయి చెప్పి ఉంటుంది. నేను వెళ్లేసరికి వదిన రేవులో తయారు. తలకి స్కార్ఫు, చేతిలో గొడుగు.

"వెనక నేను కూర్చుంటా. ఎందుకు పోదో చూస్తా."

"మీకు పడవ అలవాటు లేదు వదినా."

"ఎక్కించుకుంటే కదయ్యా అలవాటయ్యేది! ఇద్దరికే చోటని చెప్పి ఇన్నేళ్లూ నన్ను ఒడ్డునే నిలబెట్టారు మొగుడూ పెళ్లాలు."

కూర్చుంది. అద్దం పక్కనే ఒదిగింది, గొడుగు మాత్రం వదల్లేదు. బయల్దేరాం.

"కుడి" అంది.

కుడికి తిప్పాను.

"కుడయ్యా బాబూ, కుడి!"

ఇంకా గట్టిగా కుడికే తిప్పాను.

ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిలో ఒకరి కుడి రెండోవాళ్లకి ఎడమ. నాకూ తనకూ ఇది మొదటి ఏడాదే తెలిసొచ్చి కుడి ఎడమలు మానేశాం. నా గడియారం ఉన్న చెయ్యి "గడియారం". రెండోది "ఖాళీ". తను ఈ రెండు మాటలతోనే సరిపెట్టేది. వదినకి ఈ సంగతి చెప్పాలని తోచలేదు. ఆవిడేమో ఒక చేత్తో గొడుగు చూపిస్తూ ఇంకో చేత్తో చుక్కాని అటూ ఇటూ నెట్టేస్తోంది. పడవ చక్కగా ఒక చుట్టు తిరిగి, డెంటిస్టు నిలబడ్డ చెక్కల వంతెనకే వెళ్లి గుద్దుకుంది. వదిన చెప్పు నీళ్లలో పడింది. డెంటిస్టు బోర్లా పడుకుని మరీ దాన్ని అందుకున్నాడు.

"తగిలిందా అమ్మా? పళ్లేమన్నా కదిలాయా?"

ఆశగా అడిగినట్టు అనిపించింది. నా పాపిష్టి బుద్ధి.

ఒడ్డెక్కి చెప్పులో నీళ్లు ఒంపుతూ వదిన అంది, "ఈ కర్రని కట్టిపడేస్తే పోయేది. నా చెల్లెలు అలాగే చేసేది."

"ఏం చేసేది?"

"చుక్కాని. తాడేసి మధ్యలో కట్టేసేది. మణికట్టు నొప్పి మొదలైన కాడ్నుంచీ అంతే. తెడ్లతో తిప్పేది నువ్వేగా. తను ఊరికే కూర్చునేది."

"నా ఎదురుగా కూర్చునా? నాకు తెలియకుండానా?"

"కర్ర తన వీపు వెనక కదయ్యా. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంటే నీకు అనుమానం వస్తుందని ఒకటి వెనక్కి పెట్టుకునేదట. ఆయన సంబరం నేనెందుకు పాడు చెయ్యాలి అనేది."

"పడవ గురించి మీకేం తెలుసు?" అన్నాను. గట్టిగానే అన్నాను. అవతల తాళ్లు చుట్టుకుంటున్న వాళ్లు తిరిగి చూశారు.

వదిన లేచింది. "పడవ గురించి తెలీదు" అంది. "అది నా చెల్లెలు."

తడి చెప్పు టపటపలాడుతూ వెళ్లిపోయింది.

మార్చి 17

వదిన పొరబడింది.

మార్చి 18

వదిన రాలేదు. గిన్నెలు నేనే కడిగాను.

మార్చి 19

నిజమైతే నాకు తెలిసి ఉండేది. అన్నేళ్లు ఎదురుగా కూర్చున్నవాడికి తెలియదా?

మార్చి 20

వదిన రాలేదు.

మార్చి 23, ఆదివారం

చుక్కాని పిడి చూశాను. తాడు ఒరుసుకుని పడిన గాడి ఉంది. అటొకటి, ఇటొకటి. అక్కడ రంగు పోయి చెక్క నున్నబడింది. ఒక వేసవిలో పడే గాడి కాదు.

"గడియారం" అనేది. నేను ఆ చెయ్యి తగ్గించి రెండోది గట్టిగా లాగేవాణ్ని. పడవ తిరిగేది. "ఎంత ఒడుపుగా తిప్పావు!" అని తనని మెచ్చుకునేవాణ్ని. "ఊఁ" అనేది.

పడవలో ఒక్కణ్నే కూర్చుని నవ్వాను. ఆపుకోలేకపోయాను. డెంటిస్టు పలకరించడానికి వచ్చినవాడల్లా నన్ను చూసి, ఏదో పనున్నట్టు అటు వెళ్లిపోయాడు.

మార్చి 24

చోటు ఇచ్చేయడానికి నా దగ్గరున్న కారణం పోయింది. వదిన మీద నా కోపం అందుకే. ఇంకెందుకూ కాదు.

వదినకి ఫోన్ చేశాను. ఎత్తలేదు.

మార్చి 26

చుక్కాని మధ్యలో కట్టేసి ఒక్కణ్నే బయల్దేరాను. మెడ తిప్పి చూసుకుంటూ వెళ్లవచ్చు. కష్టం ఏమీ లేదు. కానీ వెనక బరువు లేక పడవ ముక్కు ప్రతి చిన్న గాలికీ పక్కకి పోతోంది. సరిచేయడంతోనే చేతులు పడిపోయాయి. తర్వాత చుక్కాని పూర్తిగా ఊడబీకి చూశాను. మరీ అన్యాయం. ఎటూ వెళ్లకపోవడం కాదు, అన్ని వైపులకీ వెళ్లింది.

ముందు రాసిన వాక్యం కొట్టేశాను.

మార్చి 27

నిఘంటువులు దించాను. దుమ్ము. చుక్కాని అన్న మాట మనకి అరబ్బీ నుంచి వచ్చిందట. అక్కడ "సుక్కాన్". ఆ మాట మూలంలో ఉన్నది తిప్పడం కాదు, కుదురు. పడవ కదిలిపోకుండా, ఊగిపోకుండా నిలకడగా ఉంచేది గనక ఆ పేరు అని వాళ్ల పాత నిఘంటుకారులు చెబుతారట.

శీర్షిక ఒక్క ఊపులో పూర్తయింది. ఇది ముఖ్యమైన భాగం:

"నడి సముద్రంలో తెరచాప పడవకి చుక్కాని పోతే పడవ ఆగదు, వెంటనే మునగదు కూడా. గాలికి అడ్డం తిరుగుతుంది. అక్కణ్నుంచి ప్రతి కెరటం దాని పక్కటెముకల మీదే. చుక్కాని లేని నావ అంటే దారి తెలియని మనిషి అని వాడుతున్నాం. నా ఊహ వేరు. నావికులు ఆ మాట అని ఉంటే, కుదురు పోయి అడ్డం తిరిగిన మనిషిని చూసి అని ఉంటారు. దారి తెలిసి కూడా అడ్డం తిరిగినవాళ్లు ఉంటారు."

చివర ఒక వాక్యం కలిపాను: "కట్టేసిన చుక్కాని కూడా పని చేస్తుంది, దాని దగ్గర ఎవరైనా కూర్చుని ఉంటే."

మార్చి 30, ఆదివారం

ఇసుక బస్తా ఒకటి తెచ్చి వెనక పలక మీద పెట్టాను. అద్దం తీసేశాను. చుక్కాని కట్టేశాను. పడవ గీత గీసినట్టు వెళ్లింది. బోయా చుట్టి వచ్చాను. మెడ కొంచెం పట్టేసింది, అంతే.

బస్తా ఎంతో బుద్ధిగా కూర్చుంది. కదల్లేదు. గొడుగు తేలేదు. పోతూ ఒక్క మాట లేదు, వస్తూ ఒక్క మాట లేదు.

కమిటీ నియమాల్లో ఇసుక బస్తా కూడదని ఎక్కడా లేదు. వచ్చే ఆదివారం కూడా ఇలాగే వెళితే చోటు నాదే.

డెంటిస్టు ఒడ్డున నిలబడి మొత్తం చూశాడు.

"ఇవ్వలేనండీ" అన్నాను. "క్షమించాలి."

"తెలిసిపోయింది సార్, బస్తాని చూడగానే." దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాలంటే నాకు నీళ్లంటే కాస్త భయం. ఇంట్లో చెప్పకండి. షెడ్లో ఉంటే రోజూ ఎక్కి కూర్చుంటున్నా. హాయిగా ఉంది."

సంతోషించాల్సిన రోజు. ఇంటికొచ్చి టీ పెట్టుకున్నాను. చక్కెర ఎక్కువైంది. చెప్పేవాళ్లు లేరు.

ఏప్రిల్ 2

శీర్షిక వచ్చింది. ఎడిటర్ ఫోన్ చేశాడు.

"చివరి వాక్యం పాఠకులకి అర్థం కాదేమోనని తీసేశాను సార్. ఏమీ అనుకోరుగా?"

"మంచి పని చేశావు."

వదిన ఇంటికి పేపరు వస్తుంది. చదివిందో లేదో.

ఏప్రిల్ 4

అమ్మాయి డ్యూటీ దిగి ఇటే వచ్చింది.

"ఆదివారం సెలవు పెట్టాను. వెనక నేను కూర్చుంటా. ఆ కర్ర ముట్టుకుంటే ఒట్టు."

"బస్తా ఉందిగా."

"బస్తాకంటే నేనెందులో తీసిపోయాను?"

"అది మాట్లాడదు."

నవ్వలేదు. బూట్లు విప్పుతూ, "పెద్దమ్మ నీ ఫోన్ ఎత్తడం లేదటగా" అంది.

"చోటు నిలబెట్టుకోవడానికి పెద్దమ్మ అక్కర్లేదు ఇప్పుడు. నేను సరిచేసుకున్నాను."

"ఆవిడ నీ చోటు నిలబెట్టడానికే వచ్చిందనుకున్నావా నాన్నా?"

"మరి?"

"అమ్మ ప్రతి ఆదివారం సాయంత్రం ఆవిడకి ఫోన్ చేసేది. ఆ రోజు పడవలోంచి ఏం కనిపించిందో చెప్పేది. పాత పైపు మీద నీటికాకులు బారుగా కూర్చుని రెక్కలు ఆరబెట్టుకోవడం. సరుకు ఓడ మీద ఎవరో పూల దుప్పటి ఆరేస్తే అది ఎగిరి వాళ్ల కెప్టెన్ మీద పడటం. బోయా దగ్గర కుక్క ఒకటి బంతి నోట కరుచుకుని ఈదుకుంటూ పోతుంటే, దాని ఆసామి గట్టు మీద చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తడం."

"కుక్కా? ఎప్పుడు?"

"నువ్వూ ఉన్నావు నాన్నా పడవలో."

నేను ఆ గట్టుకి వీపు పెట్టి ఉండి ఉంటాను.

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడిగావా? పెద్దమ్మ అడిగేది. ఇప్పటికీ అన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంది. ఒక్కసారి అక్కడ కూర్చుని చూద్దామనుకుంది, అంతే. ముందు చూసిందీ లేదు, చూసేలోపే గుద్దేశావు."

"గుద్దింది ఆవిడ."

"నాన్నా."

"సరే."

ఏప్రిల్ 5, శనివారం

సాయంత్రం వదిన ఇంటి దాకా వెళ్లాను. వంటింటి దీపం వెలుగుతోంది. గిన్నెల చప్పుడు. ఏమని మొదలుపెట్టాలో తేలక వీధి చివరి దాకా నడిచి వెనక్కి వచ్చేశాను. పక్కింటావిడ గేటు దగ్గర ఆపి, "మీ శీర్షిక చదివానండీ, ఆ ప్రశ్న నాదే" అంది. థాంక్స్ చెప్పాను. అడ్డం తిరగడం గురించి చాలా బాగా రాశారంది. మీ మీదే రాసుకున్నారా అని అడగలేదు. మర్యాద తెలిసిన మనిషి.

కూర్చుని లెక్కేసుకుంటే తేలింది ఇది. ముప్పై ఏళ్ల ఆదివారాలు. వదిలి వచ్చిన ఒడ్డు మొత్తం నేను చూశాను. వెళ్తున్న ఒడ్డు మొత్తం తను చూసింది. ఆ సగం ఇప్పుడు వదిన దగ్గర ఉంది. ఇంకెవరి దగ్గరా లేదు.

రేవుకి వెళ్లి బస్తా విప్పి ఇసుక ఒడ్డున పోసేశాను. ఇక దానితో వెళ్లడానికి లేదు. అమ్మాయికి ఫోన్ చేసి రేపు ఒడ్డునే ఉండమన్నాను. "ముందే అనుకున్నా" అంది. వెనక పలక మీద దిండు ఒకటి కట్టాను. చెక్క గట్టిగా ఉంటుంది.

రేపు పొద్దున గడ్డం గీసుకుని వదిన ఇంటికి వెళతాను. తలుపు కొడతాను. మీరు చెప్పిందే నిజం వదినా అంటాను. రానంటే గుమ్మంలో కూర్చుంటాను. కమిటీ వాళ్లు ఎదురుచూస్తారా, చూడరు. చూడకపోతే పోనీ. ఆవిడ వస్తే, చెయ్యి పట్టుకుని ఎక్కించి, దిండు మీద కూర్చోబెట్టి, తెడ్లు నేను తీసుకుంటాను. ముందు ఏమేం కనిపిస్తున్నాయో నాకు చెప్పమని అడుగుతాను. బోయా దాకా, బోయా చుట్టూ, మళ్లీ రేవుకి వచ్చేదాకా, ఒక్కటి కూడా వదలకుండా.